శత్రువులు తగ్గేకొద్దీ వేగం ఎందుకు పెరుగుతుంది? - ఒక పాత వీడియో గేమ్ కథ



వార్షికోత్సవ సంచికకు వ్యాసం అడిగిన తమ్ముళ్లు ఒక షరతు పెట్టారు. "కంప్యూటర్ గురించి రాయండన్నా, కానీ పాఠంలాగా ఉండకూడదు" అన్నారు. అందుకని ఒక ఆట గురించి రాస్తున్నాను. దానికి ముందు ఒక తప్పు ఒప్పుకోవాలి.

మేం చదివే రోజుల్లో బజారులో ఒక వీడియో గేమ్ షాపు ఉండేది. చిన్న గది, టీవీ, దానికి తగిలించిన ఒక పెట్టె, ఆ పెట్టెలో గుచ్చే క్యాసెట్, వైర్లతో రెండు రిమోట్లు. అంతే సరంజామా. సబ్బుకూ తలనూనెకూ ఇచ్చే కాస్మెటిక్ ఛార్జీల డబ్బులు కొన్ని నెలలు అక్కడే ఖర్చయ్యాయి. తలకు నూనె లేకుండా స్కూలుకెళ్లి తిట్లు తిన్న రోజులున్నాయి. నాకిష్టమైన ఆట 'గెలాక్సియన్'. తెర పైన రంగురంగుల శత్రువులు బారులు తీరి ఉంటాయి. కింద మన విమానం. అవి మీదికి దూకుతుంటే తప్పించుకుంటూ కాల్చాలి.

ఒకరోజు షాపాయన్ని అడిగాను: "అన్నా, ఈ క్యాసెట్ లోపల ఏముంటది?" ఆయన నవ్వి, "ఆడుకోరా, లోపల ఏముంటే నీకెందుకు? అది మనకర్థమయ్యేది కాదు" అన్నాడు.

ఆయన మంచివాడే. ఆయనకూ ఎవరో అలాగే చెప్పి ఉంటారు. కానీ 'మనకర్థమయ్యేది కాదు' అన్న మాట నా వెంట చాలా ఏళ్లు వచ్చింది. కంప్యూటర్ ముందు కూర్చున్న మొదటి రోజు కూడా వచ్చింది. అది అర్థమయ్యేదేనని మీకు చూపించాలనే ఈ వ్యాసం. అందుకు గెలాక్సియన్‌కు అన్నలాంటి ఆటను తీసుకుంటాను. దాని పేరు 'స్పేస్ ఇన్వేడర్స్', అంటే అంతరిక్షం నుంచి వచ్చిన ఆక్రమణదారులు.

ఆట పుట్టుక

స్పేస్ ఇన్వేడర్స్ 1978లో జపాన్‌లో పుట్టింది. కంపెనీ పేరు టైటో. తయారుచేసిన ఇంజనీరు తొమొహిరో నిషికాదో. బొమ్మలు గీసింది, ప్రోగ్రామ్ రాసింది, లోపలి బోర్డు తయారుచేసింది ఆయనే. అటువంటి పనికి కావలసిన పరికరాలు అప్పుడు దొరక్కపోతే వాటినీ తానే చేసుకున్నాడు. ఇంచుమించు ఏడాది పట్టింది.

ఆట చాలా సులువు. పైన 55 శత్రువులు. వరుసకు 11 చొప్పున 5 వరుసలు. అన్నీ కలిసి పక్కకు కదులుతాయి, అంచు తగలగానే ఒక మెట్టు కిందికి దిగి, ఎదురు దిక్కుకు మళ్లుతాయి. మన ఫిరంగి అడుగున అటూ ఇటూ కదులుతూ పైకి కాలుస్తుంది. మధ్యలో దాక్కోవడానికి నాలుగు అడ్డుగోడలు. కింది రెండు వరుసల్లో ఒక్కో శత్రువుకు 10 పాయింట్లు, మధ్య రెండు వరుసలకు 20, పై వరుసకు 30. ఒక్క శత్రువు నేలకు దిగినా ఆట ముగిసినట్టే.

అసలు యంత్రంలో తెర నలుపు తెలుపే. రంగు కోసం తెర మీద రంగు కాగితంలాంటి ప్లాస్టిక్ పట్టీలు అంటించారు. నవ్వకండి. మన ఊళ్లలో కూడా బ్లాక్ అండ్ వైట్ టీవీ ముందు రంగుల ప్లాస్టిక్ తెర తగిలించుకుని కలర్ టీవీ అని మురిసిపోయినవాళ్లున్నారు!

జపాన్‌లో ఈ ఒక్క ఆట కోసమే ప్రత్యేకంగా గదులు తెరిచారు. పిల్లలు ఆడిన ఆటకు దేశంలో 100 యెన్ నాణేలకే కొరత వచ్చిందని ఒక కథ ప్రపంచమంతా తిరిగింది. తర్వాత విచారించినవారు ఆ కథకు ఆధారం లేదని తేల్చారు. అయినా అలాంటి కథ పుట్టిందంటే ఆ ఆట ఎంత పిచ్చి పట్టించిందో ఊహించుకోవచ్చు.

వడ్డించేవాడు ఒక్కడే

ఈ ఆట ఆడినవాళ్లందరూ గమనించేది ఒకటుంది. మొదట్లో శత్రువులు నత్తల్లా కదులుతాయి. ఒక్కోదాన్ని కాలుస్తూ పోతే మిగిలినవాటి వేగం పెరుగుతుంది. ఆఖరికి మిగిలిన ఒక్కటి బాణంలా దూసుకుపోతుంది. దానితోపాటు వెనక గుండె చప్పుడులా వినిపించే నాలుగు స్వరాల మోత కూడా వేగం అందుకుంటుంది. గెలుపు దగ్గరపడేకొద్దీ భయం పెరగడం, అదే ఈ ఆటలోని మజా.

ఇది ఎలా జరిగింది? మన భోజనాల గది గుర్తుకు తెచ్చుకోండి. బంతిలో 55 మంది కూర్చున్నారు. వడ్డించేవాడు ఒక్కడే. అతను ఒక్కొక్కరికి ఒక్కో గరిటె వేస్తూ చివరిదాకా వెళ్లి, మళ్లీ మొదటివాడి దగ్గరికి వస్తాడు. మీకు రెండో గరిటె పడాలంటే మిగతా 54 మందికీ పడాలి. అదే బంతిలో ఐదుగురే ఉంటే? ఇలా వేసి అలా తిరిగి వస్తాడు. అతని చేతి వేగం మారలేదు. బంతి చిన్నదయింది, అంతే.

ఆ యంత్రంలో వడ్డించేవాడు ఇంటెల్ 8080 అనే ప్రాసెసర్. తెర మీద బొమ్మ సెకనుకు 60 సార్లు కొత్తగా పడుతుంది. పడిన ప్రతిసారీ అది ఒక్క శత్రువునే చెరిపి, కొంచెం జరిపి, మళ్లీ గీస్తుంది. ఇప్పుడు లెక్క మీరే చేయండి. 55 ఉంటే అన్నీ ఒక అడుగు వేయడానికి 60లో 55 వంతులు, అంటే దాదాపు ఒక సెకను. 30 మిగిలితే అర సెకను. ఒక్కటే మిగిలితే సెకనుకు 60 అడుగులు! శత్రువులు ఒక్కసారిగా కాకుండా అలలాగా ఒకదాని తర్వాత ఒకటి కదిలినట్టు కనిపించడానికి కూడా కారణం ఇదే.

నిషికాదో ఈ వేగాన్ని ముందుగా అనుకుని పెట్టలేదు. యంత్రం నిదానమైనది కావడం వల్ల వచ్చింది. చూసి, దీన్ని సరిచేయడం కంటే ఉంచేయడమే ఆటకు మంచిదని నిర్ణయించాడు. లోపం కనిపించగానే చెరిపేయకుండా, ఇది దేనికైనా పనికొస్తుందా అని ఒక్క క్షణం ఆగి చూసిన మనిషి ఆయన.

ఇంటి టీవీలోకి

అమెరికాలో అటారీ కంపెనీ 1977లో ఇంటి టీవీకి తగిలించుకునే ఒక గేమ్ యంత్రం తెచ్చింది. దానికే తర్వాత అటారీ 2600 అని పేరు స్థిరపడింది. 1980లో స్పేస్ ఇన్వేడర్స్‌ను ఆ యంత్రానికి క్యాసెట్‌గా తెచ్చారు. ప్రోగ్రామ్ రాసింది రిక్ మావురర్. ఆ క్యాసెట్ పది లక్షలు దాటి అమ్ముడైంది. అది ఆడటం కోసమే జనం ఆ యంత్రాన్ని కొన్నారు.

అయితే బజారులో నిలబెట్టే పెద్ద యంత్రంలో ఉన్న ఆటను ఈ చిన్న పెట్టెలో పట్టించడం మాటలు కాదు. పెద్ద యంత్రంలో తెర మీది బొమ్మను దాచుకోవడానికే 7 కిలోబైట్ల జ్ఞాపకం, అంటే 7,168 బైట్లు ఉండేవి. అటారీలో ఆట నడుస్తున్నప్పుడు రాసుకోవడానికి ఉన్న మొత్తం జ్ఞాపకం 128 బైట్లు. పొరపాటు చదవలేదు, అక్షరాలా నూట ఇరవై ఎనిమిది బైట్లే!

అదెంతో తెలియాలంటే మన తెలుగుతోనే కొలుద్దాం. ఈరోజు కంప్యూటర్లలో, ఫోన్లలో మామూలుగా వాడే పద్ధతిలో ఒక్కో తెలుగు గుర్తుకు 3 బైట్లు కావాలి. 'స్త్రీ' అనే అక్షరంలో స, త, ర, రెండు పొల్లులు, ఒక గుడిదీర్ఘం కలిపి 6 గుర్తులున్నాయి. అంటే 18 బైట్లు. 'స్త్రీ' అని ఏడుసార్లు రాస్తే 126 బైట్లు. ఇంకా రెండు బైట్లు మిగులుతాయి, వాటిలో ఇంకో తెలుగు అచ్చు కూడా పట్టదు. ఇక ఆట ప్రోగ్రామ్, బొమ్మలు, శబ్దాలు అన్నీ కలిపి క్యాసెట్‌లో ఉన్న చోటు 4,096 బైట్లు. మీరు చదువుతున్న ఈ వ్యాసం ఆ ఆట కంటే చాలా పెద్దది!

సంవత్సరానికి సరిపడా బట్టలు, పుస్తకాలు, పచ్చడి సీసా, సబ్బుపెట్టె ఒక్క ట్రంకుపెట్టెలో సర్దినవాళ్లకు ఆ ప్రోగ్రామర్ కష్టం వేరే చెప్పనక్కర్లేదు.

ఆగని డిక్టేషన్

అటారీ తెర మీద 192 గీతలు, గీతకు 160 చుక్కలు అనుకుందాం. ఒక్కో చుక్కకు ఉంది, లేదు అని గుర్తుపెట్టుకోవడానికి ఒక బిట్ చాలు అనుకున్నా 30,720 బిట్లు. ఎనిమిది బిట్లు ఒక బైటు కాబట్టి 3,840 బైట్లు. ఉన్న 128కి ఇది సరిగ్గా 30 రెట్లు. మరి బొమ్మను ఎక్కడ దాచారు?

ఎక్కడా దాచలేదు. పాతకాలపు పెద్ద టీవీలో బొమ్మ మొత్తం ఒకేసారి రాదు. లోపల ఒక కిరణం పైనుంచి కిందికి ఒక్కో గీత గీసుకుంటూ వస్తుంది. అది ఎవరి కోసమూ ఆగదు. డిక్టేషన్ రాసేవాడు ఆగకుండా రాసుకుపోతుంటే చెప్పేవాడు ఎలా ఉండాలి? ఒక్కో వాక్యం సరిగ్గా సమయానికి అందిస్తూ పోవాలి. తడబడితే కాగితం మీద తప్పే పడుతుంది. అటారీలో రాసేది టీవీ, చెప్పేది ప్రాసెసర్. ఈ గీతలో ఏం కనిపించాలి అనేది ఆ గీత వచ్చే వేళకు చెబుతుంది, తర్వాత దాన్ని మరిచిపోయి పక్క గీత సంగతి చూస్తుంది.

సమయం ఎంత? అమెరికా టీవీ పద్ధతిలో ఒక బొమ్మకు 262 గీతలు, సెకనుకు దాదాపు 60 బొమ్మలు. ఒక్కో గీతకు ప్రాసెసర్ గడియారం 76 సార్లు కొట్టుకుంటుంది. చిన్న పనికి కూడా రెండు మూడు దెబ్బలు ఖర్చవుతాయి. అంటే గీతకు ఇరవై ముప్పై చిన్న పనులు చేయడమే గగనం. మరి గుండు తగిలిందా, పాయింట్లు ఎన్ని, ఎటు జరగాలి అనేవి ఆలోచించేదెప్పుడు? 262లో బొమ్మ కనిపించేవి 192. మిగిలిన 70 గీతల సేపు తెర మీద బొమ్మ గీసే పని ఉండదు. ఆ ఖాళీలో ఆలోచన అంతా ముగించుకోవాలి. స్టడీ అవర్‌కూ భోజనం గంటకూ మధ్య బట్టలు ఉతుక్కున్నట్టు!

ఆరు నిలువు వరుసలే ఎందుకు?

పెద్ద యంత్రంలో 55 శత్రువులుంటే అటారీలో 36 మాత్రమే. ఆరు అడ్డం, ఆరు నిలువు. ఏడు ఎందుకు లేవు?

అటారీలో బొమ్మ వేసే చిప్‌కు కదిలే పాత్రలు రెండే తెలుసు. ఇద్దరు ఆటగాళ్లకు రెండు బొమ్మలు. వాటితోపాటు రెండు గుండ్లు, ఒక బంతి, వెనక నేపథ్యం. అంతే. కానీ ఒక వెసులుబాటు ఉంది. ఒక్కో బొమ్మను ఒకే గీతలో మూడుసార్లు అచ్చుగుద్దినట్టు చూపించవచ్చు. రెండు మూళ్లు ఆరు. అందుకే అడ్డంగా ఆరు! ఒక వరుస గీయడం పూర్తికాగానే ఆ రెండు బొమ్మల ఆకారం మార్చేస్తారు. కింది వరుసలో అవే కొత్త శత్రువులుగా కనిపిస్తాయి. శత్రువుల వరుసలన్నీ అయ్యాక తెర అడుగున అవే మన ఫిరంగి పాత్ర కూడా వేయగలవు.

మన వార్షికోత్సవం నాటకం చూశారుగా. ఇద్దరు కుర్రాళ్లే ముందు భటులుగా వస్తారు, తెర వెనక్కి పోయి మీసాలు మార్చుకుని దొంగలుగా వస్తారు, ఆఖరి సీన్లో పోలీసులవుతారు. అటారీలో జరిగేదీ అదే, కాకపోతే సెకనుకు 60 సార్లు నాటకం మొత్తం వేస్తారు.

ఇక్కడ ఇంకో మాట. అటారీలో ప్రతి బొమ్మలోనూ శత్రువులన్నింటినీ గీయాల్సిందే. వడ్డించేవాడి కిటుకు ఇక్కడ పనిచేయదు, వేగం దానంతట అది పెరగదు. అందుకని ఎన్ని మిగిలాయో లెక్కపెట్టి కావాలని వేగం పెంచాల్సి వచ్చింది. ఒకచోట యంత్రం బలహీనత వల్ల వచ్చినది, ఇంకోచోట కష్టపడి కొని తెచ్చుకోవలసిన సొత్తు అయింది.

36 మందికి హాజరు పట్టీ

ఎవరు బతికి ఉన్నారో, ఎవరు పోయారో గుర్తుంచుకోవాలి కదా. 36 శత్రువులకు ఒక్కో బైటు చొప్పున ఇస్తే 36 బైట్లు పోతాయి. ఉన్నవే 128. పాయింట్లకు, గుండ్లకు, గోడలకు ఇంకా చోటు కావాలి. మరి?

రాత్రి హాజరు వేసేటప్పుడు ఒక్కొక్కరి గురించి వ్యాసం రాయరు. ఉంటే టిక్కు, లేకుంటే సున్నా. కంప్యూటర్‌లోనూ అంతే. ఉంటే 1, లేకుంటే 0. ఒక బైటులో అలాంటి గడులు ఎనిమిది. వరుసకు ఆరుగురే కాబట్టి ఒక్క బైటులో ఒక వరుస హాజరు పడుతుంది. ఆరు వరుసలకు 6 బైట్లు చాలు. 36 బైట్ల పని ఆరింటితో తేలిపోతుంది. వరుసలో అన్ని గడులూ సున్నా అయితే ఆ బైటు విలువే సున్నా. ఆరు బైట్లూ సున్నా అయితే మనం గెలిచినట్టు.

గ్రాఫ్ పుస్తకం తీయండి

ఇప్పటిదాకా నేను చెప్పాను, మీరు విన్నారు. ఇప్పుడు చేసి చూడండి. దీనికి కంప్యూటర్ అక్కర్లేదు. ఎనిమిది నిలువు, ఎనిమిది అడ్డం గడులు గీయండి. నిలువు గడుల పైన ఎడమ నుంచి కుడికి 128, 64, 32, 16, 8, 4, 2, 1 అని రాయండి. ఇప్పుడు నేనిచ్చే ఒక్కో అంకె ఒక్కో అడ్డు వరుస:

24, 60, 126, 219, 255, 36, 90, 165

మొదటిది 24. అంటే 16, 8 కలిపితే 24. ఆ రెండు గడులు పెన్సిల్‌తో నింపండి. రెండోది 60. అంటే 32, 16, 8, 4. ఇలా ఎనిమిది వరుసలూ నింపి, పుస్తకాన్ని కాస్త దూరంగా పెట్టి చూడండి. రెండు కళ్లు, నాలుగు కాళ్లతో ఒక చిన్న ప్రాణి మిమ్మల్నే చూస్తూ ఉంటుంది. స్పేస్ ఇన్వేడర్స్ పై వరుసలోని 30 పాయింట్ల శత్రువు అదే. క్యాసెట్ లోపల ఏముంటుందని ఆ రోజు నేనడిగిన ప్రశ్నకు సగం జవాబు ఈ ఎనిమిది అంకెలు. మిగతా సగం, ఆ అంకెలను ఎప్పుడు ఎక్కడ చూపించాలో చెప్పే ఇంకొన్ని అంకెలు. ఏ కూడికలతో ఆ గడులు నింపారో అవి మీరు ఐదో తరగతి లోపే నేర్చుకున్నారు.

పేరు సంగతి

చివరగా ఒక సంగతి. ఆ రోజుల్లో అటారీ తన ఆటల మీద ప్రోగ్రామర్ల పేర్లు వేసేది కాదు. లక్షలమంది ఆడే ఆటను ఎవరు రాశారో ఆడేవాళ్లకు తెలియదు. ఇది నచ్చక నలుగురు ప్రోగ్రామర్లు బయటికొచ్చి 1979లో యాక్టివిజన్ అనే సంస్థ స్థాపించడంలో పాలుపంచుకున్నారు. ఆ సంస్థ ఆటలకు తయారుచేసినవారి పేరు వేసింది. 1982లో అక్కడి నుంచి వచ్చిన 'రివర్ రెయిడ్' ఆట మీద కరోల్ షా అనే మహిళ పేరు అలాగే వెలుగు చూసింది. అటారీలోనే ఉన్న వారెన్ రాబినెట్ ఇంకో దారి పట్టాడు. తన 'అడ్వెంచర్' ఆటలో ఎవరికీ తెలియకుండా ఒక రహస్య గది పెట్టి, అందులో తన పేరు రాసుకున్నాడు. అంత ఇరుకు క్యాసెట్‌లో, ఒక్కో బైటు బంగారమైన చోట, పేరు కోసం చోటు మిగుల్చుకున్నాడు. తన పని తనదని చెప్పుకోవాలన్న ఆరాటం ఎంతటిదో మనలాంటివాళ్లకు వేరే వివరించాలా!

ఆ షాపు ఇప్పుడు లేదు. ఉంటే వెళ్లి ఆ ఎనిమిది అంకెలూ ఒక కాగితం మీద రాసి షాపాయన చేతికిచ్చి, "అన్నా, క్యాసెట్ లోపల ఉండేది ఇదే. నీక్కూడా అర్థమవుతుంది, కూర్చో" అని చెప్పేవాణ్ని.

తమ్ముళ్లూ, మీరూ ఒక బొమ్మ గీయండి. శత్రువే కానక్కర్లేదు. మన హాస్టల్ గేటైనా, వేపచెట్టయినా, వంటగదిలో తిరిగే పిల్లయినా సరే. దాన్ని ఎనిమిది అంకెలుగా మార్చి వచ్చే సంచికకు పంపండి. బొమ్మ పంపొద్దు, అంకెలే పంపండి. గడులు నింపి చూసుకునే పని మాది. కింద పేరు రాయడం మాత్రం మరిచిపోవద్దు.